వీడియో తీస్తున్నారా? ముందు వినండి



కడప పక్కనున్న ఒక సంఘం యువజనులు ఈ మధ్య మాకొక ఉత్తరం రాశారు. క్రిస్మస్ నాటికలు, పెండ్లిళ్ళు, కూటాలు తాము వీడియో తీస్తున్నామని, అవి చూడదగినట్లుగా రావడం లేదని, అందుకని చందాలు వేసుకొని నలభై వేల రూపాయల దాకా పోగు చేశామని, ఏ కెమెరా కొనమంటారో చెప్పమని అడిగారు. తాము తీసినవి మూడు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఉత్తరంతో పాటు పంపారు. మేము కూర్చొని మూడూ చూశాం. బొమ్మకు ఏ లోటూ లేదు. ఈనాటి మామూలు సెల్‌ఫోన్ కూడా పాతికేళ్ళ కిందటి పెండ్లి వీడియో కెమెరా కన్నా తేటగానే తీస్తుంది. కాని ఆ మూడింటిలోనూ మనుషులు ఏం మాట్లాడుతున్నారో మాకు సగం కూడా తెలియలేదు.

కాబట్టి ఆ పిల్లలకు మా జవాబు ఇది: కెమెరా ఇప్పుడే కొనవద్దు. ఆ డబ్బులో వెయ్యి, రెండు వేలు పెట్టి చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనండి. మిగిలినది బ్యాంకులో ఉండనివ్వండి. ఎందుకిలా చెబుతున్నామో మీకు అర్థం కావాలంటే మేము చేసిన తప్పొకటి మీ ముందు పెట్టాలి.

2014 చలికాలంలో జమ్మలమడుగు వైపు ఒక పల్లెకు వెళ్ళాం. ఆ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. అప్పటికి ఆమెకు డెబ్బై అయిదేళ్ళు. 1952లో రాయలసీమను కరువు పట్టి పీడించినప్పుడు ఆమె పదమూడేళ్ళ పిల్ల. తమ్ముణ్ణి చంకనేసుకొని, సత్తు గిన్నె పట్టుకొని, గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడిందట. ఈ సంగతులు ఆమెతోనే పోకూడదని ఆమె మనుమడు మమ్మల్ని పిలిపించాడు.

మేము మంచి కెమెరా తీసుకొని పోయాం. స్టాండు తీసుకొని పోయాం. వెలుతురు బాగుందని అవ్వను మిద్దె మీద కూర్చోబెట్టాం. వెనక కొండ కూడా కనబడితే అందంగా ఉంటుందని కెమెరాను పదడుగుల దూరంలో నిలబెట్టాం. గాలి వీస్తోంది. వీధి చివర పిండిమర ఆడుతోంది. కాసేపటికి మా చెవులు ఆ రెంటికీ అలవాటు పడిపోయి వాటిని పట్టించుకోవడం మానేశాయి. మనిషి చెవికి ఆ నేర్పు ఉంది. కావలసిన మాటను ఏరుకొని మిగతాది వదిలేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు. అది అన్నీ సమానంగా మింగుతుంది. అవ్వ ముప్పావు గంట చెప్పింది. మేము తల ఊపుతూ విన్నాం, కండ్లు తుడుచుకున్నాం. ఇంటికి వచ్చి వేసుకొని చూస్తే కొండ ఉంది, అవ్వ ఉంది, ఆమె పెదవులు కదులుతున్నాయి. వినబడేది గాలి, పిండిమర. మధ్యమధ్య ఒక్కొక్క మాట.

మళ్ళీ వెళ్దాంలే అనుకున్నాం. పనుల్లో పడి వాయిదా వేశాం. మరుసటి ఏడు వేసవిలో అవ్వ ప్రభువునందు నిద్రించింది.

ఇప్పుడు ఏటేటా జ్ఞాపకార్థ కూడిక రోజున ఆ ఇంట్లో ఆ వీడియో వేస్తారు. కోడలు టీవీ పక్కన కూర్చొని, “ఇక్కడ గిన్నె సంగతి చెబుతాంది, ఇక్కడ తమ్ముడు ఏడ్చిన సంగతి చెబుతాంది” అని పిల్లలకు విడమరుస్తుంది. ఆమెకూ అన్నీ గుర్తు లేవు. ఒకచోట అవ్వ రెండు చేతులూ పైకెత్తి ఏదో కొలత చూపించి పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు దేనికో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కడ కూర్చొని విన్న మాకూ ఈనాడు జ్ఞాపకం రావడం లేదు.

బొమ్మకన్నా మాట ముఖ్యమని మనకు తెలియనిది కాదు. విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ 1978లో వచ్చింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆ సినిమాను పల్లెల్లో తెర కట్టి చూపించేవారు. జనం పట్టక తెరకు అటువైపు కూడా కూర్చునేవారు. అటువైపు వారికి బొమ్మ కుడిఎడమలు తిరగబడి కనబడుతుంది. అయినా కదలకుండా చూసేవారు. కాని సౌండు బాక్సు ఒక్క నిమిషం ఆగిందంటే చాలు, రెండు వైపుల వారూ లేచి కేకలు పెట్టేవారు. ఈ చూపింపులకు పోయిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి.

ఇక పని సంగతికి వద్దాం. ఆరుబయట మాట్లాడే మనిషికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే మైకుకు చేరే శబ్దశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్కన జానెడు దూరంలో ఉన్న మైకుకు చేరేదానిలో, పదడుగుల అవతల ఉన్న కెమెరాకు చేరేది నూటయాభయ్యో వంతు కూడా కాదు. పిండిమర చప్పుడు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకే మోతాదులో అందుతుంది. మేము పోగొట్టుకున్నదంతా ఈ చిన్న లెక్కలోనే ఉంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. కెమెరా ఎక్కడైనా ఉండవచ్చు.

మైకు కొనే స్తోమత లేకపోతే ఇంకొక సెల్‌ఫోన్ తీసుకోండి. అందులో వాయిస్ రికార్డరు పెట్టి, మాట్లాడేవారి జేబులోనో, మెడ దగ్గర పైట మడతలోనో ఉంచండి. కాల్స్ రాకుండా దానిని ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరువకండి. రెండు ఫోన్లూ మొదలైన తరువాత కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తరువాత బొమ్మనూ మాటనూ కలిపేటప్పుడు, చేతులు కలిసిన బొమ్మ దగ్గరికి ఆ చప్పుడును జరిపితే చాలు, రెండూ సరిపోతాయి. గాలి వీచే చోట మైకు మీద మెత్తని పలుచటి గుడ్డ రెండు మడతలు చుట్టండి. అన్నిటికన్నా ముందు ఒక్క నిమిషం తీసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, కండ్లు మూసుకొని వినండి. ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి టీవీ, కోళ్ళు, బోరు మోటారు, అప్పటిదాకా మీకు వినబడనివన్నీ వినబడతాయి. ఆపగలిగినవి ఆపండి. ఆపలేని వాటి నుంచి దూరంగా జరగండి.

మన ప్రాంతపు ఇండ్లకు ఇంకొక చిక్కు ఉంది. కింద కడప బండలో బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. కొన్ని పాత ఇండ్లలో కప్పు కూడా బండలే. చుట్టూ నున్నటి గోడలు. ఇటువంటి గదిలో మాట గోడకు కొట్టుకొని తిరిగి వచ్చి, బావిలో మాట్లాడినట్లు వినబడుతుంది. నేల మీద జంపఖానా పరవండి. కెమెరాలో పడని గోడలకు బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి. మా అనుభవంలో అన్నిటికన్నా మంచి గది శనగ బస్తాలు పేర్చిన కొట్టు గది. స్టూడియో కట్టుకున్నవారు కూడా మాకు ఇంత చక్కటి నిశ్శబ్దం ఇవ్వలేదు. ఎలుకల సంగతి మాత్రం చూసుకోండి.

కూటాల దగ్గర పెద్ద హారన్లలో నుంచి వచ్చే మాటను రికార్డు చేయడం వృథా ప్రయాస. ఆంప్లిఫయరు నడిపే సోదరుణ్ణి ముందుగానే మంచిగా అడిగితే దానిలో నుంచే ఒక వైరు ఇస్తాడు. అది కుదరకపోతే ప్రసంగ వేదిక మీద బైబిలు పక్కన ఒక ఫోను పెట్టండి. పాస్టరుగారు బల్ల గుద్ది మాట్లాడేవారైతే కింద చేతిగుడ్డ మడిచి వేయండి.

వెలుతురు విషయంలో మనకు కొదవ లేదు, అతివృష్టే. సీమ ఎండలో పదకొండు నుంచి మూడు దాకా ఎవరిని నిలబెట్టి తీసినా కండ్ల చోట రెండు గుంటలు కనబడతాయి. ఉదయం తొమ్మిదికి లోపు గాని, సాయంత్రం నాలుగు దాటాక గాని తీయండి. మధ్యాహ్నమే తీయవలసి వస్తే వేపచెట్టు నీడకు పోండి. ఆకుల సందుల్లో నుంచి ముఖం మీద ఎండ చుక్కలు పడకుండా చూడండి. ఇంట్లోనైతే మనిషిని గడప లోపల రెండు మూరల దూరంలో, ముఖం వాకిలి వైపు ఉండేలా కూర్చోబెట్టి, మీరు వాకిలికి వీపు పెట్టి, వెలుతురుకు అడ్డం రాకుండా ఒక పక్కగా ఉండి తీయండి. చాలామంది దీనికి తలకిందులుగా, వాకిలిలో మనిషిని నిలబెట్టి లోపలి నుంచి తీస్తారు. అప్పుడు వాకిలి వెలుగుతుంది, మనిషి నీడలా నల్లబడతాడు. నల్లటి బండల నేల కింది నుంచి వెలుతురును పైకి విసరదు. కాబట్టి కెమెరాలో పడని చోట, కూర్చున్న వారి కాళ్ళ ముందు, ఒక తెల్ల పంచె పరవండి. గడ్డం కింద, కండ్ల కింద చీకటి పోతుంది. ఖర్చు లేని ఈ ఉపాయం ఎంత పని చేస్తుందో చూస్తే గాని నమ్మరు.

మన పెండ్లిళ్ళలో తెల్ల చీరతో ఒక ప్రత్యేకమైన కష్టం వస్తుంది. కెమెరాకు పెండ్లికూతురు ఎవరో, గోడ ఏదో తెలియదు. తన ముందు ఉన్నదంతా కలిపితే ఒక మధ్యరకం వెలుగు రావాలని మాత్రమే దానికి తెలుసు. తెల్ల చీర, తెల్ల పూలు, వెనక తెల్ల గోడ చూసి ‘ఇంత వెలుగా’ అని మొత్తాన్ని తగ్గించేస్తుంది. చీర మామూలుగానే కనబడుతుంది, పాపం ఆ అమ్మాయి ముఖం నల్లగా మాడిపోతుంది. సెల్‌ఫోన్‌లో ఆ అమ్మాయి ముఖం మీద వేలు పెట్టి కాసేపు అలాగే నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో వెలుగు ఆ ముఖానికి తగినట్లు నిలిచిపోతుంది. వెనక తెల్ల గోడకు బదులు ఏ ఆకుపచ్చ తెరో, చెట్లో ఉంటే ఇంకా మంచిది. ముఖాన్ని తెల్లబరిచే బటన్ ఒకటి ఈ రోజుల్లో చాలా ఫోన్లలో ఉంది. దానిని ఆపివేయండి. కర్నూలు ఎండలో పుట్టి పెరిగిన పిల్లను సున్నం కొట్టినట్లు చూపించమని ఎవరూ మనల్ని అడగలేదు.

ట్యూబులైట్ల కింద తీసిన వీడియోలో నల్లటి చారలు పాకుతున్నాయని కొందరు అడిగారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దానివల్ల ట్యూబులైటు సెకనుకు వంద సార్లు వెలిగి తగ్గుతుంది. కెమెరాలో షట్టరు మార్చే వీలుంటే సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెట్టండి. చారలు పోతాయి. చవక రకం ఎల్‌ఈడీ బల్బులకూ ఇదే మందు. చేతులు వణకకుండా ఉండటానికి స్టాండు లేకపోతే చిన్న గుడ్డ సంచిలో రెండు కిలోల శనగలు పోసి కుట్టి, పీట మీద పెట్టి, దానిమీద ఫోను ఆనించండి. దూరం నుంచి జూమ్ చేయకండి, లేచి దగ్గరికి నడవండి. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో ఫోను దానంతటదే ఆగిపోతుంది. దానిని తిట్టి లాభం లేదు, నీడలో పెట్టుకోండి.

ఇక కెమెరా ఎంత ఎత్తులో ఉండాలన్న ప్రశ్న. ఇది చిన్నదిగా కనబడుతుంది గాని, మా మట్టుకు మాకు ఇదే అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైన పాఠం.

మన పల్లెలకు టీవీ మొదట ఆకాశం నుంచే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ‘సైట్’ అనే ప్రయోగంలో, ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. వాటిలో మన కర్నూలు జిల్లా గ్రామాలు కూడా ఉన్నాయి. ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చొని చూసింది. తీసేవారు ఎక్కడో ఉన్న చదువుకున్నవారు, చూసేవారు పల్లెవారు. ఇది తిరగబడటానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ, 1990ల చివర్లో, బడి మొహం చూడని దళిత మహిళలకు వీడియో కెమెరా నేర్పింది. 2001లో వారు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్ జిల్లా పత్తి రైతుల వద్దకు ఒకసారి పోయి ఊరుకోకుండా, పంట కాలంలో మళ్ళీ మళ్ళీ పోయి, బీటీ పత్తి మీద 2003లో వారు తెచ్చిన చిత్రం దేశదేశాల్లో చూశారు.

ఈ మహిళలు కెమెరా కోణాలకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేల్ షాట్. దొర అరుగు మీద నుంచి కూలివాళ్ళను చూసే చూపు అది. కింద నుంచి పైకి చూస్తూ తీస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. వారి సంఘం వేరు, మన సంఘం వేరు. అయినా ఆ మాట విన్నప్పుడు మేము కొంచెం సిగ్గుపడ్డాం. కారణం చెబుతాం.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊరిని ముంచెత్తాయి. నీళ్ళు తీసిన తరువాత మేము కొందరం దుప్పట్లు, బియ్యం పంచడానికి పోయాం. వీడియో కూడా తీశాం. లారీ మీద నిలబడి తీశాం. ఇప్పుడు దానిని చూస్తే నడినెత్తులు కనబడతాయి, పైకి చాచిన చేతులు కనబడతాయి. ఒక్క ముఖం గుర్తుపట్టలేం. వారిలో మన పక్క వీధివారు, మనతో ఆరాధనలో కూర్చునేవారు ఉన్నారు. ఆ వారం వారు ఇల్లు కడుక్కున్నారు, బురద ఎత్తారు, ఒకరి పిల్లలను ఒకరు చూసుకున్నారు. అవేవీ మేము తీయలేదు. చేతులే తీశాం. లారీ దిగి ఉంటే సరిపోయేది.

అందుచేత మా మనవి: కూర్చున్నవారిని తీసేటప్పుడు మీరూ కూర్చోండి. పిల్లలను తీసేటప్పుడు మోకాళ్ళ మీద ఉండండి. మంచం పట్టినవారిని తీయవలసి వస్తే ముందు వారిని అడగండి, వారు సరేనంటే పక్కన పీట వేసుకొని తీయండి. దానం ఇచ్చే దృశ్యం అసలు తీయకపోతే ఏ నష్టమూ లేదు.

ఆ వరదలోనే ఇంకొకటి చూశాం. ఇంటింటి గోడల మీద పెండ్లి ఆల్బములతో పాటు వీడియో క్యాసెట్లు ఆరబెట్టి ఉన్నాయి. నల్ల రీలు నిండా ఒండ్రు. ఎంత ఆరినా అవి మళ్ళీ ఆడవు. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు 1976లో జపానులో పుట్టింది. దానిని ఆడించే యంత్రాలను చివరి దాకా చేసిన కంపెనీ కూడా 2016 జూలైలో మానుకుంది. మీ పెట్టెలో ఇంకా క్యాసెట్లు ఉంటే, ఆడే యంత్రం ఊళ్ళో ఎక్కడో ఒకటి మిగిలి ఉండగానే కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఇప్పటి వీడియోలకూ ఒకే చోటు ఉంటే చాలదు. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి కర్నూలులో ఉంటే ఇంకొకటి కడపలో చెల్లెలి ఇంట్లో ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఊరు, తేదీ, మనిషి పేరు ఫైలు మీద ఆ రోజే రాయండి. పదేళ్ళ తరువాత ఎవరికీ గుర్తుండదు.

మిగిలింది మాట్లాడించడం. కెమెరా చూడగానే మనవారు పుస్తకం భాషలోకి పోతారు. “అమ్మా, మీ సాక్ష్యం చెప్పండి” అంటే చాలు, ఎప్పుడో విన్న ప్రసంగం ఒప్పజెబుతారు. అది వారి మాట కాదు. ప్రశ్నలు మీరు అడగవద్దు. ఆ ఇంటి పిల్లనో పిల్లవాడినో కెమెరా పక్కనే కూర్చోబెట్టి అడగమనండి. జవాబు అయిపోయిందనుకున్న తరువాత కూడా కెమెరా ఆపకుండా పది అంకెలు లెక్కపెట్టండి. అసలు సంగతి చాలాసార్లు అప్పుడు వస్తుంది.

పోయిన చలికాలంలో పత్తికొండ వైపు ఒక అవ్వ దగ్గరికి పోయాం. ఈసారి ముందు పిండిమర ఎక్కడుందో చూసుకొని, దాని యజమాని దగ్గరికి పోయి ఒక అరగంట ఆపగలరా అని అడిగాం. ఎందుకని అడిగాడు. చెప్పాం. ఆయన మర ఆపి, తానూ వచ్చి గడపలో కూర్చున్నాడు. అవ్వను కొట్టు గదిలో వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాం. మేము నేల మీద, ఫోను శనగల సంచి మీద, మైకు ఆమె పైట కొంగుకు. మొదట చేతులు కట్టుకొని, “దేవుని మహా కృప చేత” అని ప్రసంగంలా మొదలుపెట్టింది. అప్పుడు మనుమరాలు అడిగింది, “అవ్వా, నువ్వు బడి ఎందుకు ఇడిసిపెట్టినావు?” అవ్వ ఆ పిల్ల వైపు తిరిగి, కట్టుకున్న చేతులు విప్పింది. అక్కడి నుంచి మేము ఒక్క మాట మాట్లాడలేదు.

పిండిమర ఆయన అరగంట దాటినా లేవలేదు. చివరికి అవ్వే, “ఇంగ సాలు లేప్పా, ఎనుములు ఇంటికొచ్చే యాళాయె” అని లేచింది. ఆ మాటా, లేస్తున్నప్పుడు ఆమె గాజుల చప్పుడూ రికార్డులో ఉన్నాయి.